బంటు ఒకటే తేడా, దారి 21 ఎత్తులు

చిత్తూరు పల్లెల్లో రచ్చబండ మీదో, గుడి మండపం బండల మీదో గీసి కనిపించే పులి-మేక ఆటలో బిందువులు 23, పులులు 3, మేకలు 15. ఈ ఆటలో ఎన్ని అమరికలు సాధ్యమో కాగితం మీదే లెక్క కట్టవచ్చు. 23 బిందువుల్లో 3 పులులను 1,771 రకాలుగా పెట్టవచ్చు. మిగిలిన 20 బిందువుల్లో ఒక్క మేకా లేకపోవడం నుంచి 15 మేకలూ ఉండటం దాకా కలిపితే 10,42,380 రకాలు. రెండూ గుణిస్తే 184 కోట్ల 60 లక్షల 54 వేల 980. మేకలు చేతిలో ఇంకా ఎన్ని మిగిలాయో కూడా కలుపుకుంటే ఇది కొన్ని రెట్లు పెరుగుతుంది, అంతే. ఒక్కో అమరికకు ఒక్క బైటు చొప్పున ఇచ్చినా 184 కోట్లూ 2 జీబీ లోపే పడతాయి. మన జేబులో ఫోనుకు అదొక లెక్కే కాదు.

ఇదే కుటుంబానికి చెందిన నేపాల్ ఆట బాగ్‌చాల్‌లో 25 బిందువులు, 4 పులులు, 20 మేకలు. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే అది డ్రా అని లిమ్ యూ జిన్, యుర్గ్ నీవెర్గెల్ట్ అనే పరిశోధకులు కంప్యూటర్‌తో తేల్చారు. అలాంటి ఆటలో యంత్రానికి తెలివి అక్కర్లేదు, ఓపిక చాలు.

చదరంగంలో ఆ ఓపిక పనికిరాదు. నియమాల ప్రకారం రాగల అమరికలు దాదాపు 48 పక్కన 43 సున్నాలు పెట్టినన్ని అని జాన్ ట్రాంప్ అంచనా. ఆట మొదట్లో తెల్లకు 20 ఎత్తులు. నల్ల జవాబుతో 400 దారులు. మూడో ఎత్తుకు 8,902. నాలుగో ఎత్తుకు 1,97,281. అయిదుకు 48,65,609. ఆరుకు 11,90,60,324. ఇక్కడ ఎత్తు అంటే ఒక వైపు ఒక్కసారి కదపడం. అంటే ఇద్దరూ మూడేసి సార్లు కదిపేసరికి దారులు దాదాపు 12 కోట్లు. ఇద్దరూ నలభయ్యేసి సార్లు కదిపే ఆట మొత్తానికి 1 పక్కన 120 సున్నాలన్ని దారులుంటాయని క్లాడ్ షానన్ 1950లో రాశాడు. సెకనుకు 10 లక్షల దారులు చూసే యంత్రానికి మొదటి ఎత్తు వేయడానికే 1 పక్కన 90 సున్నాలు పెట్టినన్ని ఏళ్లకు పైగా పడుతుందని ఆయనే లెక్కగట్టాడు.

కనుక చదరంగం ప్రోగ్రాము ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. ఆగినచోట ‘ఇక్కడ ఎవరిది పైచేయి?’ అన్న ప్రశ్నకు అంచనాతోనే జవాబు చెప్పాలి. అలా మూడు పనులు తేలతాయి. ఎంత లోతుకు వెళ్లాలి, ఏ దారులు చూడకుండా వదిలెయ్యాలి, ఆగినచోట ఎలా విలువ కట్టాలి. ఉన్న సమయం ఒకటే, ఈ మూడూ దాన్నే పంచుకోవాలి. ఇంజన్లనే ఈ ప్రోగ్రాముల డెబ్భై ఏళ్ల చరిత్రంతా ఆ పంపకాల గొడవే అని నా అభిప్రాయం. దాన్ని ఒక నిజమైన ఆటలో చూపించడమే తేలిక. అది మన వాడి ఆటే.

దొమ్మరాజు గుకేశ్ 2006 మే 29న చెన్నైలో పుట్టాడు. కుటుంబం మూలాలు తమిళనాడు సరిహద్దులోని సత్యవేడు దగ్గర చెంచురాజు కండ్రిగలో ఉన్నాయి. ఆ ప్రాంతం ఒకప్పుడు చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను 7.5–6.5 తేడాతో ఓడించి 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ రోజు అటు స్టాలిన్ చెన్నై ఇచ్చిన చాంపియన్ అన్నారు, ఇటు చంద్రబాబు తెలుగు కుర్రాడన్నారు. ఇద్దరి మాటా నిజమే. మనకు కావలసింది ఆ పోటీ 14వ ఆటలోని 55వ ఎత్తు (ఆట నమోదులో ఇద్దరి కదలికలూ కలిపి ఒక ఎత్తు).

అప్పటికి బల్ల మీద మిగిలినవి 9. తెల్ల పావులాడుతున్న డింగ్‌కు రాజు, ఏనుగు, బిషప్, ఒక బంటు. గుకేశ్‌కు రాజు, ఏనుగు, బిషప్, రెండు బంట్లు. షానన్ వాడిన విలువల్లో ఏనుగు 5, బిషప్ 3, బంటు 1. తెల్లకు 9, నల్లకు 10. ఒక బంటు తేడా. చూస్తున్న ఇంజన్లన్నీ డ్రా అంటున్నాయి. డింగ్ తన ఏనుగును ఎఫ్2 గడిలోకి తెచ్చి మార్పిడికి పిలిచాడు. గుకేశ్ ఆ ఏనుగును తీశాడు, డింగ్ రాజు తిరిగి తీసింది. మిగిలినవి 7. అప్పుడు గుకేశ్ తన బిషప్‌ను డి5కు తెచ్చి పెట్టాడు. డింగ్ బిషప్ ఎ8 మూలలో ఉంది. మూలలో ఉన్న బిషప్‌కు ఒకే ఒక్క ఏటవాలు వరస: బి7, సి6, డి5. ఎక్కడికి జరిగినా ఆ వరస మీదే ఉండాలి, అక్కడే నల్ల బిషప్ కాచుకుని ఉంది. తప్పించుకునే చోటు లేదు. బిషప్‌లు మారాయి. మిగిలినవి 5: తెల్లకు రాజు, బంటు, నల్లకు రాజు, రెండు బంట్లు. 58వ ఎత్తుకు డింగ్ చేతులెత్తేశాడు.

ఇప్పుడు పావుల లెక్క చూడండి. ఏనుగులు మారకముందు 9కి 10, తేడా 1. ఏనుగులు మారాక 4కు 5, తేడా 1. బిషప్‌లు మారాక 1కి 2, తేడా 1. మొదటిది డ్రా, చివరిది గెలుపు. పావులు మాత్రమే లెక్కపెట్టే ప్రోగ్రాముకు ఆ రెంటికీ మధ్య ఏ తేడా లేదు.

డింగ్ ఏనుగు ఎఫ్2కు వచ్చిన తరవాత, మళ్లీ ఒక్కో కదలికను ఒక ఎత్తుగా లెక్కపెడదాం. గుకేశ్ దాన్ని తీయడం మొదటి ఎత్తు. బిషప్‌లు మారి, నల్ల రాజు ఇ5లో, తెల్ల రాజు ఇ3లో ఎదురెదురుగా నిలిచేసరికి ఏడో ఎత్తు. అక్కడ డింగ్ ఆపేశాడు గానీ ఆడి ఉంటే ఒక దారి ఇలా సాగుతుంది. తెల్ల రాజు డి3కి తప్పుకుంటుంది, నల్ల బంటు ఎఫ్4కు దూకుతుంది. తెల్ల బంటు దాన్ని తింటుంది, నల్ల రాజు ఆ బంటును తింటుంది. ఇది 11వ ఎత్తు. తెల్లకు బంట్లు సున్నా, నల్లకు 1. తేడా ఇంకా ఒకటే! 13వ ఎత్తుకు నల్ల రాజు తన బంటు ముందు జి3లో కూర్చుంటుంది. 21వ ఎత్తుకు ఆ బంటు మంత్రి అవుతుంది. అప్పుడు గానీ లెక్క 1 నుంచి 9కి ఎగరదు.

ఇదే పని మూడు రకాల ప్రోగ్రాములకు ఇచ్చామనుకోండి. పావులు లెక్కపెట్టడం తప్ప ఏమీ రాని ప్రోగ్రాము ఈ దారిలో 21 ఎత్తుల లోతుకు వెళితే గానీ గెలుపు చూడలేదు. ‘బంటు ముందు రాజు ప్రత్యర్థి వైపు మూడో వరసకు చేరితే, బంటు అంచు వరసది కాకపోతే, గెలుపే’ అన్న ఒక్క వాక్యం తెలిసిన ప్రోగ్రాము 13వ ఎత్తు దగ్గర ఆగిపోతుంది. మూడోదాని దగ్గర ముగింపుల పట్టిక ఉంది. 7 పావులు, అంతకంటే తక్కువ ఉన్న స్థితులన్నిటికీ జవాబులు ముందే వెనక నుంచి లెక్కకట్టి దాచిన పట్టిక అది. అందులో స్థితులు 423 లక్షల కోట్లకు పైనే. ఏనుగులు మారి 7 పావులు మిగలగానే, అంటే రెండో ఎత్తుకే, దానికి జవాబు దొరికిపోతుంది. 21, 13, 2. తెలిసినది పెరిగేకొద్దీ తవ్వాల్సిన లోతు తగ్గింది. లోతుగా తవ్వగలిగితే తెలియనిది తెలిసిపోతుంది. ఈ రెండూ ఒకదానికొకటి బదులు.

అయితే తవ్వడానికీ డబ్బుల్లాంటి ఖర్చుంది, అది సమయం. మధ్య ఆటలో ఒక స్థితిలో సగటున 35 ఎత్తులుంటాయి అనుకుందాం. ఆరు ఎత్తుల లోతుకు అన్ని దారులూ చూడాలంటే 183 కోట్ల 82 లక్షల 65 వేల 625 చివరలు. ఇక్కడే ఆల్ఫా-బీటా అనే కత్తిరింపు ఆదుకుంటుంది. మీకు ఒక ఎత్తు దొరికింది, ప్రత్యర్థి ఏం చేసినా ఆట సమానంగా ఉంటుందని తేలింది. రెండో ఎత్తు పరిశీలిస్తుంటే మొదటి జవాబుకే మీ మంత్రి ఊరికే పోతోంది. ఇంకా 34 జవాబులు మిగిలి ఉన్నాయి. వాటిని చూడాలా? అక్కర్లేదు. ఆ ఎత్తు మొదటిదాని కన్నా నాసిరకమని తేలిపోయింది, ఎంత నాసిరకమో మనకు అనవసరం. ఎత్తులను మంచి వరసలో పెట్టి చూడగలిగితే ఆ 183 కోట్లు 85,749కి తగ్గుతాయి. 21 వేల రెట్లకు పైగా ఆదా, జవాబులో ఒక్క పిసరు తేడా రాదు. డొనాల్డ్ కనూత్, రోనాల్డ్ మూర్ 1975లో ఈ లెక్కను గణితంతో నిరూపించారు. కాకపోతే చెడ్డ ఎత్తులు ముందు, మంచివి తరవాత చూస్తూ పోతే ఆదా సున్నా. అంటే బాగా కత్తిరించాలన్నా ఏది మంచి ఎత్తో ముందే కొంత తెలిసి ఉండాలి. తెలివి అక్కడ కూడా దొడ్డిదారిన వచ్చి చేరింది.

ఇది ప్రమాదం లేని కత్తిరింపు. ఇప్పటి ఇంజన్లు ప్రమాదం ఉన్నవీ చేస్తాయి. వరసలో వెనక పడ్డ ఎత్తులను తక్కువ లోతుతో చూసి సరిపెట్టడం ఒకటి. నా వంతు వదిలేసి ప్రత్యర్థిని వరసగా రెండుసార్లు ఆడనిచ్చినా నేను బాగానే ఉన్నానంటే, ఈ దారి ఇక చూడక్కర్లేదని కొట్టేయడం ఇంకొకటి. దీన్ని నల్ మూవ్ అంటారు. సాధారణంగా కదపడం లాభమే కాబట్టి ఈ ఊహ చాలాసార్లు నిలుస్తుంది. నిలవని చోటు ఎక్కడో కావాలంటే సింగపూర్ ఆట చివరి స్థితే చూడండి. ఇ3లో తెల్ల రాజు ఉన్నచోటే ఉండగలిగితే నల్ల రాజును అడ్డుకోగలదు. కానీ వంతు తనది. కదపక తప్పదు, కదిపితే దారి ఇచ్చినట్టే. వంతు వదిలెయ్యగలగడం అక్కడ నష్టం కాదు, వరం. అందుకే రాజులు, బంట్లు మాత్రమే మిగిలినప్పుడు ఇంజన్లు నల్ మూవ్ వాడటం మానేస్తాయి. ఆ నియమం రాసిన ప్రోగ్రామరు చదరంగం తెలిసినవాడై ఉండాలి. కత్తి ఎక్కడ పెట్టకూడదో చెప్పేది కూడా ఆట జ్ఞానమే.

ఈ కత్తిరింపులన్నీ కలిసి ఏం సాధించాయో ఒక అంకె చెబుతుంది. కత్తిరింపు లేకపోతే ఒక ఎత్తు లోతు పెంచడానికి 35 రెట్లు పని. ఆల్ఫా-బీటా తన బలమంతా చూపితే దాదాపు 6 రెట్లు. ఇప్పటి మేటి ఇంజన్లకు సుమారు 2 రెట్లు, ఒక్కోసారి ఇంకా తక్కువ. కిందటి తరం ఇంజన్లకూ ఇప్పటి వాటికీ అసలు తేడా చిప్పుల వేగంలో కన్నా ఇక్కడే ఎక్కువ ఉంది.

చరిత్రలో పంపకం అటూ ఇటూ ఊగుతూ వచ్చింది. బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, జో కాండన్ కట్టిన బెల్ యంత్రం సెకనుకు 1,60,000 స్థితులు చూసేది. 1980లో ప్రపంచ కంప్యూటర్ చాంపియన్ అయింది. లోతు ఒక్కో ఎత్తు పెంచుకుంటూ తనతో తననే ఆడించి థాంప్సన్ కొలిచాడు: ఒక ఎత్తు లోతు పెరిగితే సుమారు 200 రేటింగ్ పాయింట్లు. పైకి వెళ్లేకొద్దీ ఆ లాభం కరుగుతూ వచ్చింది గానీ, వేగమే దేవుడన్న నమ్మకం అక్కడి నుంచి బలపడింది. 1997 మేలో అప్పటి ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను 3.5–2.5తో ఓడించిన డీప్ బ్లూ యంత్రం ఆ నమ్మకానికి శిఖరం. సెకనుకు 20 కోట్ల స్థితులు. ఎత్తుకు మూడు నిమిషాలనుకుంటే 3,600 కోట్లు. ఇంత చెప్పాక చాలామంది మరిచిపోయే అంకె ఒకటుంది. దాని విలువ కట్టే భాగంలో సుమారు 8,000 అంశాలున్నాయి. రాజు భద్రత, బంట్ల అమరిక, ఏనుగుకు తెరిచి ఉన్న వరస, ఇలా. డీప్ బ్లూ ఉత్త బలంతో గెలిచిందనడం సగం నిజమే.

తరవాత ఊపు రెండో వైపుకు వచ్చింది. 2017 డిసెంబరులో డీప్‌మైండ్ ఆల్ఫాజీరోను బయటపెట్టింది. నియమాలు తప్ప ఏమీ చెప్పకుండా, తనతో తానే 4 కోట్ల 40 లక్షల ఆటలు ఆడి నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్క్ అది. చూసే స్థితులు సెకనుకు 80 వేలు. ఎదురుగా ఉన్న స్టాక్‌ఫిష్ 8 ఇంజన్ చూసేవి 7 కోట్లు, అంటే 875 రెట్లు ఎక్కువ. వంద ఆటల్లో ఆల్ఫాజీరో 28 గెలిచింది, 72 డ్రా, ఓటమి లేదు. స్టాక్‌ఫిష్‌కు సరైన ఏర్పాట్లు ఇవ్వలేదన్న విమర్శ వచ్చింది, అది న్యాయమైనదే. 2018లో వచ్చిన పూర్తి పత్రంలో వెయ్యి ఆటలు ఆడించారు: 155 గెలుపులు, 6 ఓటములు, మిగతావి డ్రా. అక్కడితో వాదన సద్దుమణిగింది. తక్కువ చూసినా, చూసినదాని విలువ సరిగ్గా కడితే చాలని తేలింది.

స్టాక్‌ఫిష్ ఊరుకోలేదు. జపాన్ చదరంగం షోగి కోసం యు నాసు 2018లో చేసిన చిన్న నెట్‌వర్క్‌ను తెచ్చుకుంది. దాని కిటుకు అంకెల్లో చెబితేనే బాగా అర్థమవుతుంది. రాజు ఉండగల గడులు 64. మిగతా పావు ఉండగల గడులు 64. రాజులు కాక రెండు రంగుల్లో పావుల రకాలు 10. మూడూ గుణిస్తే 40,960 మీటలు. ఏ స్థితిలోనైనా వాటిలో వెలిగేవి 30కి మించవు. ఒక గుర్రం కదిలితే ఒక మీట ఆరి ఒకటి వెలుగుతుంది, ఏదైనా తింటే ఇంకొకటి ఆరుతుంది. రాజు కదిలినప్పుడు తప్ప మొత్తం మళ్లీ లెక్కించే పని లేదు, ఆ రెండు మూడు మార్పులు సర్దితే చాలు. అందుకే అది మామూలు ప్రాసెసరు మీదే పరిగెత్తగలిగింది. అయినా పాత పద్ధతి కన్నా నెమ్మదే. వేగం సగమైందనుకున్నా, రెండు రెట్ల పనికి ఒక ఎత్తు అన్న పై లెక్క ప్రకారం పోయేది ఒక్క ఎత్తు లోతు. వచ్చింది ఎంత? 2020 సెప్టెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 12, తన ముందు వెర్షన్‌తో జతలు జతలుగా ఆడిన ఆటల్లో ఓడిన జతలకు కనీసం పది రెట్లు గెలిచింది. 2024లో వెర్షన్ 16.1 వచ్చేసరికి మనుషులు చేత్తో రాసిన విలువల సూత్రాలను పూర్తిగా తీసేశారు. కత్తిరింపు పాతది, విలువ కట్టడం కొత్తది. ఈ జోడీకి ఎదురు నిలవడం ఇప్పుడు ఏ మనిషికీ సాధ్యం కాదు.

అసలు వెతుకులాటే లేకపోతే? 2024లో డీప్‌మైండ్ వాళ్లే అదీ చేసి చూశారు. 27 కోట్ల పరామితులున్న నెట్‌వర్క్, బల్లను ఒక్కసారి చూసి ఎత్తు చెబుతుంది, ముందుకు ఒక్క ఎత్తు కూడా తవ్వదు. లీచెస్ అనే వెబ్‌సైట్‌లో మనుషులతో ఆడిన బ్లిట్జ్ ఆటల్లో దాని రేటింగ్ 2895. గ్రాండ్‌మాస్టర్ స్థాయి అది. అయితే అది నేర్చుకున్నది కోటి ఆటల్లోని స్థితులకు స్టాక్‌ఫిష్ 16 తవ్వి ఇచ్చిన విలువల నుంచి. వెతుకులాట లేదనడం కన్నా, ఎవరో ముందే వెతికి పెట్టారనడం సరైనదని నేనంటాను.

మనిషి సంగతి వేరు. సెకనుకు కోట్లు కాదు, నిమిషానికి కొన్ని దారులు. కాబట్టి మనిషికి కత్తిరింపే ప్రాణం, ఏది వదిలెయ్యాలో చెప్పేది లోపలి జ్ఞానం. ఆ జ్ఞానం కూడా ఒక్కోసారి ఒక్క క్షణం ఆలస్యంగా వస్తుంది. డింగ్ ఎఫ్2 ఎత్తు తప్పని తనకు వెంటనే తట్టలేదని, ఏనుగును వేరే గడికి జరపబోయి బిషప్ చిక్కుకుందని చూసి ఆగానని గుకేశ్ తరవాత చెప్పాడు. చూసిన మరుక్షణం బంట్ల ముగింపు గెలుపేనని తెలిసిపోయింది. 21 ఎత్తులూ తవ్వాల్సిన పని అతనికి లేదు.

ఆ చూపు ఎలా వచ్చిందన్నదానికి ఒక వాస్తవం ఉంది. కోచ్ విష్ణు ప్రసన్న అతన్ని దాదాపు 2500 రేటింగ్ వచ్చేదాకా ఇంజన్ ముట్టుకోనివ్వలేదు. 2019 జనవరిలో, 12 ఏళ్ల 7 నెలల 17 రోజుల వయసులో, గుకేశ్ గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. తోటి పిల్లలు ప్రతి ఆటనూ స్టాక్‌ఫిష్‌కు చూపించుకుంటున్న కాలంలో ఇది మామూలు నిర్ణయం కాదు. అందరికీ ఇదే సరైన దారని చెప్పలేం, ఇంజన్‌తో పెరిగి ఎదిగినవాళ్లూ ఉన్నారు. నా మట్టుకు నాకు మాత్రం పది, పన్నెండేళ్ల పిల్లలకు ఆ కోచ్ పద్ధతే నచ్చుతుంది. ఇంజన్ అంకె ఇస్తుంది, కారణం చెప్పదు. ఎందుకో తెలియకుండా +1.2 అని తెలిసిన పిల్లవాడు రేపు అదే స్థితి ఒక గడి అటూ ఇటూ అయి వస్తే మళ్లీ మొదటికే వస్తాడు.

తిరుపతిలోనో చిత్తూరులోనో టోర్నమెంట్ హాలు బయట ఫోన్ పట్టుకుని పిల్లల ఆట చూసే తల్లిదండ్రులకు చివరగా ఒక మాట. తెర మీద ‘డెప్త్ 30’ అని కనిపిస్తే 30 ఎత్తుల దాకా అన్నీ చూసేసిందని అనుకోకండి. ముఖ్యమైన దారిని అంతకన్నా లోతుగా, మిగతావాటిని చాలా తక్కువగా చూసి చెప్పిన మాట అది. డెప్త్ 20 దగ్గర ఒక ఎత్తు, 30 దగ్గర ఇంకొకటి చూపిస్తే అది తప్పు చేసినట్టు కాదు, ముందు కత్తిరించిన కొమ్మను మళ్లీ తిరగేసినట్టు. పిల్లవాడు బయటికి రాగానే ఆ అంకె చూపించకండి. ఏ ఎత్తులు ఆలోచించాడో, ఏవి ఎందుకు వదిలేశాడో ముందు వాడి చేత చెప్పించి కాగితం మీద రాయించండి. ఇంజన్ ఆ తరవాత తెరవండి.